ఆషాఢం గాలి, ఫ్లోట్ల విమానం: నాది ఎందుకు బోల్తా పడింది?

ఫోంబోర్డు_పైలట్ | జులై 6, 2025, రాత్రి 7:42

అందరికీ తొలి ఏకాదశి శుభాకాంక్షలు. పండగ పూట ఏడుపు పోస్టు పెడుతున్నా, ఏమనుకోవద్దు.

రెండు నెలలు కూర్చుని ఒక రిమోట్ విమానం కట్టాను. ఫోంబోర్డు బాడీ, ఈ రెక్క కొన నుంచి ఆ రెక్క కొనకు 1.2 మీటర్లు, అడుగున చక్రాలకు బదులు రెండు థర్మోకోల్ ఫ్లోట్లు. నిరుడు నవంబరు 9న విజయవాడ పున్నమి ఘాట్ నుంచి శ్రీశైలానికి సీప్లేన్ ఎగిరింది కదా, అది టీవీలో చూసినప్పుడు పట్టిన పిచ్చి. నేల మీద నుంచి లేచేవి ఇంతకుముందు నాలుగు ఎగరేశాను కాబట్టి ఇదెంతలే అనుకున్నా.

ఈ మధ్యాహ్నం మూడింటికి మా ఊరి చెరువుకు (నెల్లూరు జిల్లా బుచ్చిరెడ్డిపాలెం దగ్గర) తీసుకెళ్లాను. పడమటి గాలి బాగా ఉంది. కట్ట వైపు అలలు కొడుతున్నాయని అవతలి పడమటి ఒడ్డు నుంచి నీళ్లలో వదిలాను. గాలికి ఎదురుగా లేవాలని తెలుసు. అందుకని ముందు గాలివాటున చెరువు మధ్యదాకా పోనిచ్చి, అక్కడ తిప్పుకుని ఎదురు పరుగు పెట్టిద్దాం అనుకున్నా. వేగంగానే పోయింది, నీళ్ల మీద జారుతున్నట్టు. ఎడమకు తిప్పాను. సగం తిరిగిందో లేదో కుడి రెక్క నీళ్లలో గుచ్చుకుంది, అంతే. బొక్కబోర్లా. ఫ్లోట్లు రెండూ ఆకాశం చూస్తున్నాయి. మోటార్, రిసీవర్ రెండూ నీళ్లు తాగాయి.

గాలి ఎక్కువైందా, నా డిజైన్ తప్పా? నిజం విమానాలకు కూడా ఇట్టా అవుతుందా?

ఒంగోలు_గిత్త | జులై 6, రాత్రి 7:58

తమ్ముడూ, ముందు ఒక డౌటు. సీప్లేన్ ప్రకాశం బ్యారేజీ నుంచి లేచిందంటే మా జిల్లాకు వచ్చిందనుకుని మా బాబాయ్ అద్దంకి బస్టాండులో అందరికీ చెప్పేశాడు. ఇప్పటికీ ఒప్పుకోడు.

కావలి_సైన్సు_మాస్టారు | జులై 6, రాత్రి 8:20

గిత్తా, ప్రకాశం పంతులు గారు పుట్టింది మీ వినోదరాయునిపాలెంలోనే. బ్యారేజీ మాత్రం కృష్ణ మీద. మీ బాబాయ్‌కి సగం మార్కులు వేయొచ్చు.

ఇక పైలట్ బాబూ. నీ డిజైన్ తప్పు కాకపోవచ్చు. నువ్వు తిప్పిన తిరుగుడే తప్పు. ఆర్టీసీ బస్సులో నిలబడి ఉన్నావనుకో. డ్రైవర్ ఎడమకు కోసి తిప్పితే నువ్వు కుడికి ఒరుగుతావు. సరిగ్గా అప్పుడే ఎడమ పక్కనున్న మనిషి కూడా నిన్ను కుడికి తోశాడనుకో, కిటికీకి అతుక్కుంటావు. నీ విమానం తూర్పుకు పోతూ ఎడమకు తిరిగింది, అంటే ముక్కు ఉత్తరానికి వచ్చింది. ఆ క్షణాన తిరుగుడు దాన్ని కుడికి, అంటే తూర్పుకు ఒరగేస్తోంది. పడమటి గాలి కూడా తూర్పుకే తోస్తోంది. రెండు తోపులూ ఒకే వైపు. కుడి ఫ్లోటు మునిగింది, కుడి రెక్క నీళ్లను తాకింది. తాకాక ఇక చేయగలిగింది ఏమీ లేదు.

ఎదురుగాలి నుంచి గాలివాటుకు తిప్పి ఉంటే ఒరుగుడు ఒక వైపు, గాలి తోపు ఇంకో వైపు ఉండి కొంత సర్దుకునేది. అదే గాలి, అదే చెరువు, అదే వేగం అయినా కథ వేరే ఉండేది.

మాలే_రిటర్న్ | జులై 6, రాత్రి 9:05

మాస్టారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. నేను మాల్దీవుల్లో ఒక సీప్లేన్ కంపెనీలో తొమ్మిదేళ్లు మెకానిక్‌గా చేశాను. ట్విన్ ఆటర్లని రెండింజన్ల చిన్న విమానాలు, వాటి మీదే పని. మన విజయవాడ వచ్చింది కూడా ట్విన్ ఆటరే. ఇప్పుడు నెల్లూరులో ఉంటున్నా. ఈరోజు రొట్టెల పండగ ట్రాఫిక్‌లో గంటన్నర ఇరుక్కుని ఇప్పుడే ఇల్లు చేరాను, అందుకే ఆలస్యం.

నువ్వు "నీళ్ల మీద జారుతున్నట్టు" అని రాశావు చూడు, అసలు సంగతంతా అక్కడుంది. ఫ్లోటు అడుగు భాగం చూస్తే మధ్యలో మెట్టులాగా ఒక కోత ఉంటుంది. దాన్ని స్టెప్ అంటాం. విమానం మొదట పడవలాగా నీళ్లను తోసుకుంటూ పోతుంది. పవర్ ఇస్తే ముక్కు పైకెత్తి గేదె ఈదినట్టు నీళ్లు దున్నుతుంది. అది దాటితే ఫ్లోట్లు పైకి తేలి ఆ మెట్టు మీద జారడం మొదలెడతాయి. "స్టెప్ ఎక్కింది" అంటారు. అక్కడి నుంచి వేగం జోరుగా పెరిగి గాల్లోకి లేస్తుంది. స్టెప్ మీదున్నప్పుడు నీటి పట్టు తక్కువ, వేగం ఎక్కువ. అప్పుడు గాలివాటు నుంచి ఎదురుకు కోసి తిప్పడం అన్నిటికంటే డేంజర్ అని కొత్త పైలట్లకు మొదటే చెప్తారు.

ఇంకోటి. కారుకు బ్రేకు ఉంది, చక్రాల విమానానికి ఉంది, దీనికి లేదు. ఇంజన్ స్టార్ట్ అయిందంటే కదలాల్సిందే.

ఫోంబోర్డు_పైలట్ | జులై 6, రాత్రి 9:17

అన్నా, మరి ఎదురుకు తిప్పకుండా ఎట్టా లేవాలి?

మాలే_రిటర్న్ | జులై 6, రాత్రి 9:31

తిప్పొద్దు, దాన్నే తిరగనియ్యి. పవర్ పూర్తిగా తగ్గించి వదిలేస్తే తోక మీద గాలి పట్టి ముక్కు దానంతటదే గాలికి ఎదురొస్తుంది. ఇంటి మీద గాలికోడి బొమ్మ తిరిగినట్టు. నిమిషం పడుతుంది, పట్టనియ్యి. పెద్ద విమానాలకు ఫ్లోట్ల వెనక నీటి చుక్కానులు ఉంటాయి, మెల్లగా పోయేటప్పుడు దించుతారు, లేచేముందు ఎత్తేస్తారు. ఎత్తడం మర్చిపోతే అవి ఊగి విరుగుతాయి, ఆ రిపేర్లు నేనే చాలా చేశాను.

గాలి మరీ ఎక్కువైతే పైలట్లు ఇంజన్ మెల్లగా పెట్టి విమానాన్ని వెనక్కి కూడా నడుపుతారు, తెరచాప పడవలాగా. తోకా రెక్కలే తెరచాపలు. ముక్కు గాలికే ఉంటుంది, విమానం వెనక్కి జరుగుతూ కావలసిన చోటికి చేరుతుంది. మొదటిసారి చూసినప్పుడు నోరు తెరిచాను.

జువ్వలదిన్నె_బోటు | జులై 6, రాత్రి 10:10

మా నాయన ఇది వినుంటే నవ్వేవాడు. కొత్తగా బోటెక్కే పిల్లోళ్లకు మేం చెప్పే మొదటి మాట, అలకి మూతి చూపించు, పక్క చూపించకు అని. ఒడ్డు దగ్గర కెరటాలు దాటేటప్పుడు ఫైబర్ బోటు కొంచెం అడ్డం తిరిగిందంటే చాలు, మోటారు ఎంత హార్స్ పవరైనా బోల్తానే. వలలు, ఐసుపెట్టె, మనుషులు అందరూ నీళ్లల్లో.

అన్నా, ఒకటి అడుగుతా. మైపాడు దగ్గర సముద్రంలో అది లేస్తదా?

మాలే_రిటర్న్ | జులై 6, రాత్రి 10:26

కష్టం తమ్ముడూ. మాల్దీవుల్లో సముద్రమే కదా అంటారు గానీ, అక్కడ దీవుల చుట్టూ పగడపు దిబ్బలు అలలను బయటే ఆపేస్తాయి. లోపలి నీళ్లు మన చెరువులాగా ఉంటాయి. మనది తెరిచిన తీరం. లోపల పొడుగాటి అలలు ఉబ్బుతూ వస్తాయి చూడు, వాటికి ఎదురుగా పరుగెత్తితే ఒక అల శిఖరం మీద విమానం ఎగిరి గాల్లోకి పోతుంది. కానీ ఎగిరే వేగం ఇంకా రాలేదు. కింద పడుతుంది, రెండో అల మూతి మీద కొడుతుంది. అందుకని అలల వెంబడి, వాటికి సమాంతరంగా పరుగెత్తాలంటారు. అట్టా పోతే గాలి పక్క నుంచి కొడుతుంది. ఏదో ఒకటి ఒప్పుకోవాలి. చాలాసార్లు ఇంజన్ ఆపేసి టీ తాగడమే సరైన పని.

కావలి_సైన్సు_మాస్టారు | జులై 7, ఉదయం 6:50

నిద్ర లేవగానే ఈ థ్రెడ్డే చూశాను. గాలిని మొత్తంగా విలన్‌ను చేయకండి, ఎదురుగాలి నిజానికి స్నేహితుడు. లెక్క చూడండి.

ఒక చిన్న విమానం గాల్లోకి లేవాలంటే రెక్కల మీద గంటకు 90 కిలోమీటర్ల గాలి పారాలనుకుందాం. ఎదురుగా 27 కిలోమీటర్ల గాలి ఉంటే నీళ్ల మీద 63 వేగం చాలు. శక్తి వేగానికి వర్గంగా పెరుగుతుంది కాబట్టి ఆ పరుగుకు కావలసిన శక్తి దాదాపు సగానికి పడిపోతుంది. అదే వెనక నుంచి 18 కిలోమీటర్ల గాలి ఉంటే నీళ్ల మీద 108 దాకా పోవాలి, 44 శాతం ఎక్కువ శక్తి. ఇంజన్ మాత్రం అదే.

అసలు గాలి లేకపోయినా ఇబ్బందే. నీళ్లు అద్దంలా ఉంటే ఫ్లోట్లను పట్టుకుని వదలవు. పైలట్లు ముందు రెండు చక్కర్లు కొట్టి తామే అలలు లేపుకుంటారు. నురగ రేగని చిన్న చిన్న అలలు ఉన్నప్పుడే సుఖం. గాలి గంటకు 18, 20 కిలోమీటర్లు దాటితే నీటి మీద అక్కడక్కడా తెల్ల నురగ కనబడుతుంది. పైలట్ బాబూ, నిన్న మీ చెరువులో నురగ చూశావా?

ఫోంబోర్డు_పైలట్ | జులై 7, ఉదయం 7:15

చూశాను మాస్టారూ. బావుందని ఫోటో కూడా తీశా.

ఒంగోలు_గిత్త | జులై 7, ఉదయం 7:16

😂😂 ఫ్రేము కట్టించు తమ్ముడూ.

గట్టుమీద_లస్కరు | జులై 7, మధ్యాహ్నం 1:40

నమస్కారం. నేను ఎక్కువ రాయను, చదువుతుంటా. సోమశిల డ్యాం దగ్గర డ్యూటీ చేస్తుంటా. మొన్న మా దగ్గర కూడా సీప్లేన్ దింపితే ఎంత బావుంటుందో అని ఒకరు మాట్లాడుతుంటే విన్నా, అందుకని ఒక మాట.

డ్యాం తూర్పు కొసన ఉంది, నీళ్లు పడమరకు కొండల్లోకి పోతాయి. జూన్, జులైలో పొద్దున ఎనిమిదింటికి నీళ్లు నూనె పోసినట్టుంటాయి. పన్నెండు దాటితే కొండ సందులో నుంచి పడమటి గాలి తోసుకొస్తుంది. అంత పొడుగు నీళ్ల మీద గాలి పారి పారి మా దగ్గరికొచ్చేసరికి అలలు పెద్దవై గట్టుకు పేర్చిన రివిట్‌మెంట్ రాళ్ల మీద కొడతాయి. నిలబడితే చొక్కా తడుస్తుంది. గాలి కూడా ఒక తీరుగా ఉండదు. ఆగుతుంది, ఒక్కసారిగా తంతుంది, మళ్లీ ఆగుతుంది. ఇట్టాంటి చోట విమానం ఎటు నుంచి ఎటు లేస్తుంది?

మాలే_రిటర్న్ | జులై 7, రాత్రి 8:44

లస్కరన్నా, మా ఆఫీసులో పైలట్లు మ్యాపు ముందు పెట్టుకుని వాదించుకునే ప్రశ్నే మీరు అడిగారు.

డ్యాం దగ్గర నుంచి పడమరకు లేస్తే గాలికి ఎదురే, కానీ అలలు ఎక్కువున్న నీళ్లలో మొదలెట్టాలి. లేచాక ముందు కొండలు. కొండకు అవతలి నుంచి వచ్చే గాలి ఇవతలి వైపు కిందికి జారుతుంది. మీరు చెప్పిన ఆ తన్నే గాలి అదే. విమానం పైకెక్కుతుంటే ఆ గాలి కిందికి తోస్తుంది. పోనీ పడమటి కొసన నీళ్లు నిమ్మళంగా ఉన్నాయని అక్కడి నుంచి తూర్పుకు లేస్తే వెనక గాలి, మాస్టారు లెక్క గుర్తుందిగా. రెండూ కాదని మధ్యలో అడ్డంగా లేస్తే పక్కగాలి.

మరి జవాబేంటంటే పొద్దున పది లోపు పని ముగించుకోవడం. మాల్దీవుల్లో కూడా సీప్లేన్లు పగలే ఎగురుతాయి, చీకటి పడ్డాక ఎగరవు.

జులైలో ఎండ కూడా లెక్కలోకొస్తుంది. 40 డిగ్రీల్లో గాలి పలచబడుతుంది, రెక్క లేపేదీ తగ్గుతుంది, ఇంజన్ బలమూ తగ్గుతుంది.

నర్సక్క_ఆత్మకూరు | జులై 7, రాత్రి 9:20

బొమ్మ విమానం బోల్తా పడితే మోటారు పోయింది. మనుషులున్నది పడితే? ఇవి నీళ్ల మీదే కదా పడేది, మరీ ఎత్తు నుంచి కూడా కాదు. అయినా అంతమంది ఎందుకు చనిపోతారు? ఈత రాకనా?

మాలే_రిటర్న్ | జులై 7, రాత్రి 10:02

ఈత కాదక్కా. ఒక కేసు చెప్తాను, మా ట్రైనింగులో చెప్పేవారు.

2009 నవంబరు 29. కెనడా పడమటి తీరంలో సాటర్నా అనే దీవి, లైల్ హార్బర్ అనే చిన్న రేవు. బీవర్ అనే చిన్న ఫ్లోట్ విమానం. పైలట్‌తో కలిపి ఎనిమిది మంది, వాళ్లలో ఒక పసిబిడ్డ. గాలి రోజు, చుట్టూ కొండలు. లేచింది, ఎక్కుతూ తిరిగింది. తిరిగేటప్పుడు రెక్క మీద భారం పెరుగుతుంది, పైగా గాలి ఎగుడుదిగుడుగా కొడుతోంది. రెక్క లేపే బలం కోల్పోయింది, స్టాల్ అంటారు. స్టాల్ దగ్గర పడుతోందని హెచ్చరించే పరికరం ఆ విమానంలో పనిచేయట్లేదు. బరువు కూడా వెనక ఎక్కువైంది. మళ్లీ నిలదొక్కుకునే ఎత్తు లేదు, నీళ్లలో పడింది.

బయటపడింది ఇద్దరే, పైలట్, ఇంకో ప్రయాణికుడు. ఆరుగురు లోపలే మునిగి చనిపోయారు. దెబ్బకు తలుపులు బిగుసుకుపోయాయి. ఆ తర్వాత అక్కడి దర్యాప్తు సంస్థ రెండు విషయాలు గట్టిగా అడిగింది. తలుపులు, కిటికీలు తోస్తే ఊడి వచ్చేలా ఉండాలి, ప్రయాణికులు లైఫ్ జాకెట్ సీటు కింద కాదు, ఒంటి మీద పెట్టుకోవాలి. చిన్న సీప్లేన్లలో జాకెట్ వేసుకునే కూర్చోవాలన్న రూలు కెనడాలో 2019లో వచ్చింది. పదేళ్లు.

కావలి_సైన్సు_మాస్టారు | జులై 7, రాత్రి 10:30

మొన్న జనవరిలో జరిగింది కూడా టేకాఫే. 2025 జనవరి 7, ఆస్ట్రేలియాలో పెర్త్ పక్కన రాట్‌నెస్ట్ దీవి, థామ్సన్ బే. సెస్నా క్యారవాన్ అనే చిన్న విమానం, ఏడుగురు ఉన్నారు. సాయంత్రం పూట తిరుగు ప్రయాణానికి లేస్తూ నీళ్లలో పడింది. పైలట్, ఇద్దరు పర్యాటకులు చనిపోయారు, నలుగురు బయటపడ్డారు. ఆ రోజు అక్కడ గాలి గట్టిగానే ఉంది. సెలవు కాలం, ఒడ్డున జనం చూస్తుండగానే.

దిగేటప్పుడే ప్రమాదం ఎక్కువని మామూలుగా అనుకుంటాం. ఫ్లోట్ల విమానానికి లేచే ఆ అర నిమిషమూ తక్కువది కాదు. వేగం చాలీచాలకుండా ఉంటుంది, ఎత్తు ఉండదు, పవర్ పూర్తిగా ఇచ్చేసి ఉంటారు, ఇక ఇవ్వడానికి మిగలదు. నీటికి బాగా దగ్గరగా, రెక్క పొడవంత ఎత్తులోపు ఎగురుతున్నప్పుడు కింద నీరు ఆసరా ఇచ్చినట్టుగా రెక్కకు కాస్త అదనపు లాభం ఉంటుంది. అది చూసి ఎగురుతోందిలే అనుకుని పైకి లాగితే, ఆ ఆసరా పోయి కూలబడుతుంది. సరిగ్గా అప్పుడే గాలి ఒక తన్ను తన్ని ఆగిపోయిందనుకోండి...

ఇంకో కంటి మోసం. లేచిన వెంటనే తక్కువ ఎత్తులో గాలివాటుకు తిరిగితే కింద నీళ్లు పరుగెత్తుతున్నట్టు కనబడతాయి. వేగం ఎక్కువుందని పైలట్‌కు అనిపిస్తుంది. రెక్కల మీద పారే గాలి మాత్రం అంతే ఉంటుంది.

ఒంగోలు_గిత్త | జులై 7, రాత్రి 10:41

మాస్టారూ, ఇన్ని చెప్పి మళ్లీ సోమశిల సీప్లేన్ ఎక్కమంటారా? నేను మాత్రం కొత్తపట్నం బీచికి ఆటోలోనే పోతా.

కావలి_సైన్సు_మాస్టారు | జులై 7, రాత్రి 10:47

ఆ రోడ్డు మీద సాయంత్రం పూట ఆటోలో పోవడం కంటే సీప్లేనే నయం, పొద్దున ఎనిమిదింటిదైతే.

నర్సక్క_ఆత్మకూరు | జులై 8, ఉదయం 6:05

ఆస్పత్రి నైట్ డ్యూటీలో కూర్చుని రాస్తున్నా. తలకిందులుగా పడ్డప్పుడు ఏమవుతుందో మా వైపు నుంచి చెప్తాను. ముక్కులోకి నీళ్లు పోతాయి, చల్లటి నీళ్లయితే ఊపిరి ఒక్కసారిగా లోపలికి లాగేస్తాం, మన చేతిలో ఉండదు. ఏది పైనో ఏది కిందో తెలియదు. కాలవలో కారు పడ్డ కేసుల్లో కొందరి బెల్టు తీసే ఉంటుంది, మనిషి మాత్రం తలుపుకు అవతలి మూల దొరుకుతాడు. చీకట్లో ఎటో పోయుంటాడు.

మాలే అన్నయ్యా, మీ దగ్గర దీనికి ఏం నేర్పేవాళ్లు?

మాలే_రిటర్న్ | జులై 8, మధ్యాహ్నం 2:15

స్విమ్మింగ్ పూల్లో ఒక బోను ఉంటుందక్కా. సీటు, బెల్టు, ఉత్తుత్తి తలుపు. మనల్ని కట్టేసి బోను తిరగేస్తారు. నాకు మొదటిసారి ముక్కునిండా క్లోరిన్ నీళ్లు, పక్కవాడి మొహం మీద తన్నాను. రెండోసారికి అర్థమైంది. తిరగబడక ముందే ఒక చెయ్యి తలుపు అంచు మీద పెట్టి గట్టిగా పట్టుకోవాలి. అంతా ఆగేదాకా కదలకూడదు. బెల్టు చివర్లో తీయాలి, ముందు తీస్తే నీళ్లలో తేలిపోతాం, దిక్కు తప్పుతాం. పట్టుకున్న చెయ్యి ఎటుంటే దారి అటే. మీరు చెప్పిన కారు మనిషి చేసింది దీనికి రివర్స్.

జాకెట్ లోపల ఉబ్బించకూడదు. ఉబ్బితే ఒళ్లు పైకి తేలి, తిరగబడ్డ క్యాబిన్ నేలకు అతుక్కుంటుంది, కిందనున్న తలుపుకు దిగలేం. 1996లో కొమొరోస్ దీవుల దగ్గర సముద్రంలో దిగిన ఇథియోపియా పెద్ద విమానంలో చాలామంది ఇట్టాగే పోయారు.

మా కంపెనీలో క్రూ కుర్రాళ్లు చెప్పుల్లేకుండా, లుంగీ ఎగ్గట్టినట్టు నిక్కర్లతో ఎక్కేసరికి టూరిస్టులు నవ్వుతూ ఫోటోలు తీసేవారు. సేఫ్టీ చెప్పేటప్పుడు ఎవడూ వినడు. వింటే ఒకటే వినండి: కూర్చోగానే మీ చెయ్యి తలుపు దాకా ఎన్ని సీట్లో తడిమి లెక్క పెట్టుకోండి.

జువ్వలదిన్నె_బోటు | జులై 8, సాయంత్రం 5:30

అన్నా, నీళ్లు కారే సంగతి? మా బోట్లకు రోజూ పొద్దున అడుగున నీళ్లు తోడాల్సిందే. ఫ్లోట్లకు కారవా?

మాలే_రిటర్న్ | జులై 8, సాయంత్రం 6:12

భలే అడిగావు. నా తొమ్మిదేళ్లలో సగం పొద్దుళ్లు దానికే పోయాయి. ఒక్కో ఫ్లోటు లోపల గోడలు కట్టి వేర్వేరు గదులుగా చేస్తారు, ఒకటి చిల్లు పడ్డా మిగతావి తేలాలని. రెండు ఫ్లోట్లూ కలిపి విమానం బరువుకు 180 శాతం మోసేలా ఉండాలి. అయినా రివిట్ల దగ్గర సన్నగా కారుతూనే ఉంటుంది. ప్రతి గదికి పైన ఒక చిన్న బిరడా. తెల్లారి ఐదున్నరకు చేతిపంపు పట్టుకుని ఒక్కో బిరడా తీసి, పైపు దించి, సుయ్ సుయ్‌మని లాగడం. ఏ గదిలో ఎన్ని పంపులు వచ్చాయో రాసుకుంటాం. నిన్న మూడు వచ్చిన గదిలో ఈరోజు ముప్పై వస్తే ఎక్కడో చిల్లు పడ్డట్టే.

ఒకసారి వెనక గది ఒకటి మర్చిపోయారు, ఎవరని అడగొద్దు. విమానం స్టెప్ ఎక్కనంటే ఎక్కదు. ముక్కు పైకెత్తి దున్నుకుంటూ పోతోంది, రేవు మధ్యలోకొచ్చేసింది. ఆ పూట పక్కగాలి కూడా ఉంది. పైలట్ మంచివాడు, పవర్ తగ్గించి వెనక్కి తీసుకొచ్చాడు. ఇంకొకడైతే లాగేవాడు. పంపు పెడితే బకెట్లకొద్దీ నీళ్లు. ఆయన నన్ను ఏమీ అనలేదు. ఒడ్డున కూర్చుని సిగరెట్టు వెలిగించి ఆ బకెట్ల వైపే చూస్తూ ఉన్నాడు. తిట్టినా బావుండేది.

ఒంగోలు_గిత్త | జులై 8, సాయంత్రం 6:20

ఎవరని అడగొద్దు అన్నావు, మళ్లీ నువ్వే చెప్పేశావు అన్నా.

మాలే_రిటర్న్ | జులై 8, సాయంత్రం 6:24

😐

ఫోంబోర్డు_పైలట్ | జులై 9, రాత్రి 11:02

అందరికీ థాంక్స్. మోటారును బియ్యం డబ్బాలో పెట్టి ఎండబెట్టాను, తిరుగుతోంది. అమ్మ బియ్యం గురించి ఇంకా తిడుతోంది. రిసీవర్ కొత్తది కొన్నాను.

మీరు చెప్పాక ఫ్లోట్లు బరువు తూచి చూశాను. కుడిది ఎడమదాని కంటే 60 గ్రాములు ఎక్కువ! థర్మోకోల్‌కు రంగు వేయని చోట నీళ్లు పీల్చింది. మళ్లీ ఆరబెట్టి టేపు చుట్టాను. అడుగున స్టెప్ కూడా నేను పెట్టలేదు, పడవలాగా నున్నగా చేశాను. ఇప్పుడు కోసి పెట్టా. తోక కింద ఒక చిన్న రెక్క కూడా అతికించాను, ఫ్లోట్లు ముందుకు పొడుచుకొస్తే ముక్కు అటూ ఇటూ కొట్టుకుంటుందని, నిజం విమానాలకు పెడతారని ఎక్కడో చదివా. కరెక్టేనా అన్నా?

మాలే_రిటర్న్ | జులై 10, ఉదయం 7:30

కరెక్టే. కొన్నిటికి పెడతారు. లేచేటప్పుడు గాలి ఏ పక్క నుంచి ఉంటే ఆ పక్క రెక్క పైకి లేవకుండా స్టిక్ ఆ పక్కకే పట్టు. వేగం పెరిగేకొద్దీ మెల్లగా వదులు. ఇంకా ముందు చెయ్యాల్సింది, పొద్దున్నే వెళ్లు.

గట్టుమీద_లస్కరు | జులై 10, ఉదయం 9:12

గాలి ఎటో తెలుసుకోవడానికి జెండా అక్కర్లేదు బాబూ. ఏ ఒడ్డు పక్కన నీళ్లు నున్నగా ఒక పట్టీలాగా ఉంటాయో గాలి ఆ ఒడ్డు వైపు నుంచి వస్తున్నట్టు. మేం గట్టు మీద నుంచి అట్టాగే చూస్తాం.

ఫోంబోర్డు_పైలట్ | జులై 13, ఉదయం 9:48

రిపోర్టు.

ఆరుంపావుకు చెరువు దగ్గర ఉన్నాను. ఈసారి కట్ట వైపు నుంచి. లస్కరు గారు చెప్పిన నున్నటి పట్టీ పడమటి ఒడ్డు పక్కన సన్నగా కనబడింది, మిగతా అంతా చిన్న చిన్న ముడతలు. నీళ్లలో వదిలి చేతులు కట్టుకుని నిలబడ్డా. పావు నిమిషంలో ముక్కు దానంతటదే పడమరకు తిరిగింది. ఒంటి మీద వెంట్రుకలు లేచాయి, నిజం.

పవర్ ఇచ్చాను. ముక్కెత్తింది, దున్నింది, తర్వాత ఒక్కసారిగా సాఫుగా జారడం మొదలెట్టింది. ఫ్లోట్ల కింద నుంచి వచ్చే చప్పుడు మారింది, బుడబుడ పోయి సర్‌మని. లాగకుండా ఓపిక పట్టా. లేచింది! తిన్నగా పోనిచ్చి, బాగా ఎత్తు వచ్చాకే తిప్పాను. నాలుగు చుట్లు తిరిగింది.

దిగడం గురించే ఎవరినీ అడగలేదు. తామర తీగల మధ్య దిగింది. ఫ్లోట్లకు తీగలు చుట్టుకుని కదలట్లేదు, ఒడ్డుకు ఎనభై మీటర్ల దూరంలో. మా నాయన లారీ ట్యూబు వేసుకుని ఇప్పుడే నీళ్లలోకి దిగాడు. ఏమీ అనట్లేదు, అదే టెన్షన్‌గా ఉంది.

ఒంగోలు_గిత్త | జులై 13, ఉదయం 9:50

తమ్ముడూ, ట్యూబు ఏ ఒడ్డు నుంచి దింపాడు? గాలి లేచే టైమయింది.

ఫోంబోర్డు_పైలట్ | జులై 13, ఉదయం 9:53

కట్ట వైపు నుంచి. ఎదురుగాలి. ఇప్పటికే వెనక్కి వస్తున్నాడు, విమానం లేకుండా.